బొమ్మలకు బీమా, బీమాకు స్కాన్: తరచుగా అడిగే ప్రశ్నలు

గోడకు నాలుగు చిత్రాలు, పెట్టెలో ఒక చేర్యాల పటం (కథ గీసిన పొడవాటి గుడ్డ చుట్ట), పూజగదిలో తాతల నాటి కంచు విగ్రహం ఉన్నవాళ్ల కోసం ఈ పేజీ. గ్యాలరీలకూ పనికొస్తుంది కానీ, ఇక్కడ చెప్పినవన్నీ ఇంట్లో చేసుకోగలిగేలా రాశాం. స్కానర్‌తో తీసినా, కెమెరాతో తీసినా ఇక్కడ స్కాన్ అనే అన్నాం.

స్కాన్ చేసి పెట్టుకుంటే క్లెయిమ్ వచ్చేస్తుందా?

స్కాన్ ఒక్కటే చాలదు. వస్తువు ధరను అది నిరూపించదు. ధరకు కొన్న బిల్లు కావాలి, లేదా నిపుణుడు విలువ కట్టి ఇచ్చే వాల్యుయేషన్ సర్టిఫికెట్ కావాలి. స్కాన్ నిరూపించేది రెండే విషయాలు: ఈ వస్తువు మీ దగ్గర ఉండేదని, ఫలానా తేదీన అది ఈ స్థితిలో ఉందని. క్లెయిమ్ దగ్గర పేచీ వచ్చేది ఎక్కువగా ఈ రెండోదాని మీదే. వానకు గోడ చెమ్మగిల్లి చిత్రం అంచున గోధుమరంగు మరక పడింది. నష్టాన్ని అంచనా వేయడానికి బీమా కంపెనీ పంపే సర్వేయర్ వచ్చి, ఇది ఇప్పుడు పడిందా, పదేళ్ల కిందటిదా అని అడుగుతాడు. నోటిమాటకు అక్కడ విలువ లేదు. మరక లేని అంచును దగ్గరగా తీసిన పాత ఫొటో చూపిస్తే ఆ ప్రశ్న అక్కడితో తేలిపోతుంది.

అందుకే అందంగా కనిపించేలా తీయాలని చూడకండి. లోపాలు కనిపించేలా తీయండి. ఉన్న పగులును దాచి తీసిన స్కాన్ రేపు మీకే ఎదురుతిరుగుతుంది.

మామూలు ఇంటి పాలసీలో చిత్రాలు కవర్ అవుతాయా?

చాలా పాలసీల్లో వాటంతట అవి కావు. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీనే చూడండి. ఫర్నిచర్, టీవీ లాంటి సాధారణ సామాను ఒక లెక్క. నగలు, వెండి సామాను, చిత్రాలు, కళాఖండాలు విలువైన వస్తువుల కింద వేరే లెక్క. వీటికి అదనపు కవర్ అడిగి తీసుకోవాలి. అది ముందే ఒప్పుకున్న విలువ పద్ధతిలో ఉంటుంది. ఈ కవర్ మొత్తం 5 లక్షల రూపాయల లోపు, ఏ ఒక్క వస్తువు విలువా లక్ష దాటకుండా ఉంటే వాల్యుయేషన్ సర్టిఫికెట్ అక్కర్లేదని పాలసీ నిబంధన. అంతకు మించితే సర్టిఫికెట్ ఇవ్వాల్సిందే.

దేనికి డబ్బు రాదో కూడా ముందే చదవండి. కాలం గడిచి రంగు వెలిసిపోవడం, చెద, బూజు, నెమ్మదిగా పాడవడం మామూలుగా మినహాయింపుల్లో ఉంటాయి. కాబట్టి ఇది పాత అరుగుదల కాదు, ఆ రోజు జరిగిన నష్టమే అని చూపించే బాధ్యత మీ మీద పడుతుంది.

అమెరికాలో ఉన్నవాళ్లు హోమ్ ఓనర్స్ పాలసీలో కళాఖండాలను ఒక్కొక్కటిగా పేరుతో, విలువతో జాబితాలో చేర్పించే అదనపు కవర్ గురించి అడగండి. ఇండియా నుంచి తెచ్చుకున్న కలంకారీకి బిల్లు పోయి ఉంటే అక్కడి అప్రైజర్ చేత విలువ కట్టించుకోవడమే దారి. ఆ అప్రైజర్ మొదట అడిగేది మంచి ఫొటోలనే.

ఏ వస్తువును దేనితో స్కాన్ చేయాలి?

చదునుగా, పొడిగా, రంగు గట్టిగా పట్టుకుని ఉన్న కాగితపు పనికి ఫ్లాట్‌బెడ్ స్కానర్, అంటే గాజు పలక మీద కాగితాన్ని బోర్లించేది. ఎచింగ్‌లు (లోహపు పలకతో అచ్చేసినవి), లితోగ్రాఫ్‌లు (రాతి పలకతో అచ్చేసినవి), సిరా గీతలు, ఫొటో ప్రింట్లు ఈ రకం. కాన్వాస్, చెక్క, గుడ్డ, అద్దం బిగించిన పటాలకు కెమెరా. విగ్రహాలకు, ఉబ్బెత్తు పనికి కెమెరాతో పాటు త్రీడీ.

స్కానర్ కొనేముందు అది సీసీడీ రకమో, సీఐఎస్ రకమో కనుక్కోండి. సన్నగా, తేలిగ్గా ఉండే చవక స్కానర్లు ఎక్కువగా సీఐఎస్‌వి. గాజుకు అంటుకుని ఉన్నదే వాటికి స్పష్టంగా కనిపిస్తుంది. కాగితం కాస్త ముడతపడి మిల్లీమీటరు పైకి లేచినా అక్కడ మసకబారుతుంది. సీసీడీ స్కానర్ కొన్ని మిల్లీమీటర్ల లోతు వరకు పట్టుకుంటుంది.

ఫ్లాట్‌బెడ్ మీద అస్సలు పెట్టకూడనివి ఏమిటి?

బొగ్గు, పాస్టెల్, సుద్ద పనులు పెట్టకండి. గాజు మీద పుట్టే స్థిర విద్యుత్తు పొడిని లాగేసుకుంటుంది. మూత తెరిస్తే బొమ్మ సగం గాజు మీద ఉంటుంది. అక్రిలిక్ రంగు వేడికి మెత్తబడి గాజుకు అతుక్కుంటుంది. మే నెలలో మన ఊళ్ల ఎండకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. మందంగా పూసిన ఆయిల్ పెయింటింగ్ మీద మూత బరువు పడితే రంగు పెచ్చులూడుతుంది. తంజావూరు చిత్రాల్లో సుద్దముద్దతో ఎత్తుగా చేసి బంగారు రేకు అతికి, రాళ్లు పొదుగుతారు. దాన్ని బోర్లించడమంటే రేకును గాజుకేసి రుద్దడమే.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఇళ్ల ప్లాన్లు స్కాన్ చేసే షాపుల్లో కాగితాన్ని రోలర్ల మధ్యకు లాక్కునే పెద్ద స్కానర్లుంటాయి. పొడవాటి పటానికి అది తేలిక దారిలా కనిపిస్తుంది. పాత పటాన్ని దాంట్లో పెడితే రోలరు పట్టిన చోటల్లా రంగు రాలుతుంది, గుడ్డ మడత దగ్గర చిరుగుతుంది. ఎవరు సలహా ఇచ్చినా వద్దు.

స్కానర్ వెలుగుకు రంగులు వెలిసిపోవా?

ఒకటి రెండు స్కాన్ల వెలుగు లెక్కలోకి రాదు. కిటికీ ఎదురు గోడకు నెలల తరబడి వేలాడటం అంతకంటే చాలా ఎక్కువ చెరుపు. స్కానర్‌తో భయపడాల్సింది తాకిడికీ, బరువుకీ.

ఎంత డీపీఐ సరిపోతుంది?

కాగితం పనికి అసలు సైజులో 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) పెట్టండి. 300 కూడా క్లెయిమ్‌కు సరిపోతుంది కానీ ఎచింగ్ గీతల అంచులు, కాగితం నార 600 దగ్గరే తేటగా కనిపిస్తాయి. ఏ4 కాగితం 300 డీపీఐలో 2480 × 3508 పిక్సెళ్లు, కుదించకుండా దాస్తే దాదాపు 26 ఎంబీ. 600లో 4960 × 7016 పిక్సెళ్లు, దాదాపు 104 ఎంబీ. రంగు లోతు 48 బిట్‌కు పెంచితే దానికి రెట్టింపు. డబ్బా మీద రాసే 6400, 9600 అంకెల వెంట పడకండి, ఫైలు ఉబ్బుతుందే తప్ప కొత్త వివరం రాదు.

స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో దుమ్ము తొలగింపు, షార్ప్‌నెస్, రంగు పునరుద్ధరణ, ఆటో కాంట్రాస్ట్ అన్నీ ఆపేయండి. దుమ్ము తొలగింపు చిన్న చుక్కల మరకలను కూడా చెరిపేస్తుంది. మనకు కావలసిన సాక్ష్యమే ఆ చుక్కలు.

పెద్ద కాన్వాస్‌ను కెమెరాతో ఎలా తీయాలి?

24 మెగాపిక్సెల్ కెమెరా, 50 నుంచి 100 మిల్లీమీటర్ల లెన్సు, ట్రైపాడ్, ఒకే రకం లైట్లు రెండు. లైట్లు 5000 నుంచి 5500 కెల్విన్ మధ్య, సీఆర్ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 95 పైన ఉన్నవి చూసుకోండి. గదిలో ట్యూబులైటు ఆపి, కర్టెన్లు వేసేయండి. రెండు రకాల వెలుగు కలిస్తే ఒక పక్క పచ్చగా, ఒక పక్క నీలంగా వస్తుంది, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ సరిచేయలేదు.

లైట్లను చిత్రానికి రెండు పక్కలా 45 డిగ్రీల్లో, సమాన దూరంలో నిలపండి. కెమెరా ఐఎస్ఓ 100, అపెర్చర్ ఎఫ్ 8, రెండు సెకన్ల టైమర్, రా ఫార్మాట్ (కెమెరా తన మార్పులు చేయకుండా దాచే ఫైలు). కెమెరా చిత్రానికి సరిగ్గా ఎదురుగా ఉందో లేదో చూడటానికి ఒక చిన్న ఉపాయం ఉంది. చిత్రం నడిమధ్యకు ఎదురుగా, దాని తలానికి సమాంతరంగా, రంగుకు తగలకుండా ఒక చిన్న అద్దం పట్టుకోమనండి. వ్యూఫైండర్‌లో లెన్సు ప్రతిబింబం సరిగ్గా మధ్యలో కనిపిస్తే కెమెరా సూటిగా ఎదురుగా ఉన్నట్టే. పక్కకు జరిగితే ఆ మేరకు కెమెరాను జరపండి.

36 × 24 అంగుళాల కాన్వాస్‌ను ఒకే ఫ్రేములో తీస్తే ఈ కెమెరా అడ్డంగా ఇచ్చే 6000 పిక్సెళ్లు 36 అంగుళాలకు పరుచుకుని 167 డీపీఐ దగ్గర ఆగుతుంది. బీమాకు ఇది చాలు. 300 డీపీఐ కావాలంటే ముక్కలుగా తీసి కలపాలి. 30 శాతం ఒకదాని మీద ఒకటి పడేలా తీస్తే కెమెరా అడ్డంగా పెట్టి 9 ఫొటోలు, నిలువుగా పెట్టి 8 ఫొటోలు పడతాయి. మా అభిప్రాయం ఒకటే: అంత కష్టం మొత్తం చిత్రం మీద పెట్టకుండా, ఒక ఫ్రేములో మొత్తం తీసి, మిగతా సమయం దగ్గరి ఫొటోలకు పెట్టండి.

దగ్గరి ఫొటోలు ఎన్ని, ఎక్కడెక్కడ?

ఈ పనిలో అసలు బలం ఇక్కడుంది. 10 సెంటీమీటర్ల వెడల్పు చోటే ఫొటో అంతా నిండేలా తీస్తే ఒక్కో మిల్లీమీటరుకు 60 పిక్సెళ్లు వస్తాయి. ఆ దూరంలో పాత ఆయిల్ పెయింటింగ్ మీది పగుళ్ల వల, కుంచె వెంట్రుక అతుక్కుపోయిన గీత, కాన్వాస్ నేతలో పడిన ముడి అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. నకలు చేసేవాడు బొమ్మను అచ్చుగుద్దినట్టు దించగలడేమో కానీ ఆ పగుళ్ల వలను దించలేడు. దొంగిలించిన చిత్రం ఎప్పుడో ఎక్కడో దొరికితే, ఇది మీదే అని తేల్చేది ఆ ఒక్క ఫొటోనే.

ప్రతి చిత్రానికి మేం అడిగేవి ఇవి:

- మొత్తం ముందు వైపు, ఫ్రేముతో ఒకటి, వీలైతే ఫ్రేము లేకుండా ఒకటి
- మొత్తం వెనుక వైపు
- నాలుగు మూలలు, నాలుగు అంచులు
- సంతకం, తేదీ. ప్రింటయితే 3/25 లాంటి ఎడిషన్ సంఖ్య (25 ప్రతుల్లో మూడోది అని)
- పగుళ్లు, మరకలు, అతుకులు ఉన్న ప్రతి చోటు, పక్కన సెంటీమీటర్ స్కేలుతో
- ఏ లోపమూ లేని రెండు మూడు చోట్లు, గుర్తింపు కోసం
- వాలు వెలుగులో ఒక ఫొటో

వాలు వెలుగు అంటే ఒకే లైటును చిత్రం తలానికి దాదాపు 10 డిగ్రీల్లో పక్క నుంచి పడేలా పెట్టడం. లేచిన రంగు, కాన్వాస్ సొట్టలు, ఎచింగ్ పలక కాగితం మీద నొక్కిన అంచు నీడలతో సహా తేలతాయి. ఎదురు వెలుగులో ఇవేవీ కనిపించవు.

వెనుక వైపును ఎక్కువమంది వదిలేస్తారు. గ్యాలరీ చీటీ, ఫ్రేము కట్టిన షాపు స్టాంపు, చట్రం మేకులు, పాత ప్రదర్శన నంబరు, చేతిరాత అన్నీ అక్కడే ఉంటాయి. చిత్రం ఎవరి చేతులు మారిందో చెప్పే కాగితాలు పోయినా వెనుక వైపు మిగులుతుంది.

ఫొటోలతో పాటు ఏం రాసి పెట్టాలి?

దీనికి ఆబ్జెక్ట్ ఐడీ అనే అంతర్జాతీయ నమూనా ఉంది. 1997లో గెట్టీ సంస్థ విడుదల చేసింది, ఇప్పుడు అంతర్జాతీయ మ్యూజియంల మండలి ఐకామ్ చూస్తోంది. వస్తువు రకం, పదార్థం, చేసిన పద్ధతి, కొలతలు, రాతలు గుర్తులు, ప్రత్యేక లక్షణాలు, పేరు, విషయం, కాలం, కళాకారుడు రాయాలి. పోలీసులకూ, బీమా కంపెనీకీ, ఇంటర్‌పోల్‌కూ ఇదే క్రమం అర్థమవుతుంది. ఇంటర్‌పోల్ 2021లో విడుదల చేసిన ఐడీ-ఆర్ట్ యాప్‌లో మీ వస్తువుల వివరాలు ఇదే పద్ధతిలో ఉచితంగా నమోదు చేసుకోవచ్చు.

కొలతలు ఎత్తు, వెడల్పు, లోతు వరుసలో, సెంటీమీటర్లలో రాయండి. ఫ్రేముతో ఎంతో, లేకుండా ఎంతో విడిగా రాయండి. "పెద్ద సైజు" అని రాస్తే లాభం లేదు.

రంగులు సరిగ్గా రావాలంటే?

రంగులు సరిపోల్చడానికి 24 రంగు గడుల కలర్ చెకర్ కార్డును మొదటి ఫొటోలో చిత్రం పక్కన పెట్టండి. ఆ తర్వాత కార్డు తీసేసి, లైట్లు కదపకుండా మిగతా ఫొటోలు తీయండి. స్కానర్‌కైతే ఐటీ8 కార్డు ఉంటుంది, దాన్ని స్కాన్ చేసి ఆ యంత్రానికి ప్రొఫైల్ (దాని రంగులను సరిచేసే ఫైలు) తయారు చేస్తారు. కార్డు కొనలేకపోతే కనీసం తటస్థ బూడిదరంగు కార్డు అయినా పెట్టండి. తెల్ల కాగితం పనికిరాదు. మన షాపుల్లో దొరికే తెల్ల కాగితాల్లో నీలి మెరుపు కలిపి ఉంటుంది.

అద్దం, బంగారు రేకు, మెరుపు ఉన్నవాటిని ఎలా?

లెన్సుకు మెరుపును ఆపే పోలరైజింగ్ ఫిల్టరు, లైట్లకు పోలరైజింగ్ షీట్లు పెట్టి ఫిల్టరు తిప్పితే ప్రతిబింబాలు మాయమవుతాయి. నిర్మల్ చిత్రాల మెరిసే పైపూత కింద రంగు స్పష్టంగా తేలుతుంది. కానీ తంజావూరు చిత్రానికి ఈ ఒక్క ఫొటో చాలదు. బంగారు రేకు వెలుగును అద్దంలా తిప్పికొడుతుంది కాబట్టి ఫిల్టరు దాన్ని నల్లగా చూపిస్తుంది. రేకు నల్లబడిందని సర్వేయర్ పొరబడే ప్రమాదం ఉంది. పోలరైజర్‌తో ఒకటి, లేకుండా ఒకటి తీసి రెండూ ఉంచండి.

అద్దం తీయలేని పటమైతే కెమెరా వెనుక నల్లగుడ్డ కట్టి, లెన్సు మాత్రమే బయటికి వచ్చేలా తీయండి. పాస్టెల్ పని ఉన్న అద్దాన్ని మీరుగా విప్పకండి.

చేర్యాల పటం, కలంకారీ, తోలుబొమ్మల సంగతేమిటి?

చేర్యాల పటం గుడ్డను గంజి, సుద్ద, చింతగింజల అంబలితో గట్టిపరిచి దాని మీద రంగులేస్తారు. ఆ పూత పెళుసు. మడతపెట్టిన చోట పగిలి, విప్పిన ప్రతిసారీ రాలుతుంది. కాబట్టి పటం పొడవంతా ఒకేసారి నేల మీద పరవకండి. బల్ల మీద రెండు వైపులా చుట్టలుంచి మధ్యలో రెండడుగులే తెరిచి, కెమెరా పైనుంచి కిందికి చూసేలా బిగించి తీయండి. మూడడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు పటానికి 30 శాతం అతివ్యాప్తితో 21 ఫ్రేములు పడతాయి. ప్రతి ఫ్రేములో అంచున టేపు కొలత కనిపించాలి. అది లేకపోతే కలిపేటప్పుడు ఒకేలా ఉన్న ఎర్రటి నేపథ్యం దగ్గర సాఫ్ట్‌వేర్ తడబడి, ఒక దృశ్యాన్ని మింగేస్తుంది. గుడ్డను బిగలాగి తీయొద్దు.

శ్రీకాళహస్తి కలంకారీకి గుడ్డ వెనుక వైపు తప్పక తీయండి. రంగు వెనక్కు ఎంత దిగిందో చూస్తే చేతిపనికీ, పైపైన అచ్చేసిన నకలుకూ తేడా తెలుస్తుంది.

తోలుబొమ్మలకు రెండు రకాల ఫొటోలు కావాలి. ముందు నుంచి వెలుగు వేసి ఒకటి, వెనుక నుంచి తెల్లటి లైట్ ప్యానెల్ మీద పెట్టి ఒకటి. నిమ్మలకుంట బొమ్మల తోలు వెలుగును లోపలికి రానిస్తుంది. సన్నటి చిరుగులు, మూసుకుపోయిన రంధ్రాలు, తర్వాత వేసిన మాసికలు వెనుక వెలుగులోనే బయటపడతాయి. కీళ్ల దగ్గర కట్టిన దారాలను విడిగా తీయండి.

విగ్రహాన్ని త్రీడీ స్కాన్ చేయాలా?

చిన్న కంచు విగ్రహానికి ఫొటోగ్రామెట్రీ, అంటే చాలా ఫొటోల నుంచి త్రీడీ నమూనా కట్టే పద్ధతి, చాలు. విగ్రహం చుట్టూ 10 డిగ్రీలకొకటి చొప్పున 36 ఫొటోలు. కింది నుంచి, నడుం ఎత్తున, పై నుంచి మూడు వరసలు, మొత్తం 108. పీఠం అడుగు విడిగా. వీటిని మెటాషేప్, మెష్‌రూమ్ లాంటి సాఫ్ట్‌వేర్‌కిస్తే నమూనా తయారవుతుంది. విగ్రహాన్ని తిరిగే పీట మీద పెట్టి కెమెరాను కదపకుండా తీస్తే నేపథ్యం పూర్తిగా నల్లగా ఉండాలి. లేకపోతే సాఫ్ట్‌వేర్ గోడను పట్టుకుని విగ్రహాన్ని చెడగొడుతుంది.

పక్కన కొలత పట్టీ పెట్టడం మరిచిపోతే నమూనాకు ఆకారమే ఉంటుంది, పరిమాణం ఉండదు. మెరిసే చోట రంధ్రాలు, గడ్డలు వస్తాయి. దాన్ని తప్పించడానికి కొందరు తెల్లటి స్ప్రే కొడతారు, పాత విగ్రహం మీద అది వద్దే వద్దు. పోలరైజర్, మెత్తటి వెలుగు వాడండి. ఫోన్లలోని లైడార్ (వెలుగుతో దూరం కొలిచే సెన్సార్) గదులు కొలవడానికి బాగుంటుంది, జానెడు విగ్రహం ముఖకవళికలకు చాలా ముతక.

సర్వేయర్ త్రీడీ ఫైలు తెరవలేకపోవచ్చు. నమూనా నుంచి ఆరు వైపుల చిత్రాలు తీసి పీడీఎఫ్‌లో పెట్టండి. విగ్రహం బరువు గ్రాముల్లో రాయండి. ఖర్చు లేని గుర్తింపు అది, బోలుగా పోసిన నకలు తూకం దగ్గరే దొరికిపోతుంది.

ఫోన్ చాలదా?

ఏమీ లేకపోవడం కంటే ఫోన్ ఎంతో మేలు. ఈ రోజే మొదలుపెట్టండి. కానీ కాగితాలు స్కాన్ చేసే యాప్‌లు వాడకండి. అవి అంచులు కత్తిరించి, నేపథ్యం తెల్లబరిచి, కాంట్రాస్ట్ పెంచేస్తాయి. మామూలు కెమెరాలో ప్రధాన లెన్సుతోనే, కాస్త దూరం నుంచి తీయండి. వైడ్ లెన్సు అంచులను వంచుతుంది. ఫొటోలను వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, తీసిన తేదీ సమాచారం కూడా పోతుంది. డాక్యుమెంటుగా పంపండి.

ఫైళ్లను ఎలా దాచాలి? కోర్టులో నిలుస్తాయా?

అసలు ఫైలు టిఫ్ లేదా రాగా ఉంచి, దాన్ని ఎప్పుడూ తెరిచి మార్చకండి. చూపించడానికి జేపెగ్ కాపీ వేరుగా చేసుకోండి. పేరులో తేదీ, వస్తువు నంబరు, ఫొటో రకం ఉండాలి: "2025-06-14_012_వెనుక" లాగా.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ పత్రం నమూనాలో హ్యాష్ విలువ (ఫైలు నుంచి సాఫ్ట్‌వేర్ లెక్కగట్టే గుర్తింపు సంఖ్య) రాసే గడి ఉంది. స్కాన్ చేసిన రోజే ప్రతి ఫైలుకూ షా-256 అనే పద్ధతిలో హ్యాష్ తీసి జాబితాలో రాసుకోండి. ఫైలులో ఒక్క పిక్సెల్ మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. ఆ జాబితాను అదే రోజు బీమా ఏజెంటుకు ఈమెయిల్ చేస్తే తేదీకి బయటి సాక్ష్యం కూడా దొరుకుతుంది.

మూడు కాపీలు, రెండు రకాల నిల్వలు, ఒకటి వేరే ఇంట్లో లేదా క్లౌడ్‌లో. చిత్రంతో పాటు హార్డ్ డిస్కూ అదే బీరువాలో కాలిపోతే ఇంత శ్రమా వృథా.

వందేళ్లు దాటిన వస్తువులకు వేరే నియమం ఉందా?

ఉంది. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం కింద వందేళ్లు దాటిన విగ్రహాలు, చిత్రాల వంటివి రిజిస్టర్ చేయించాలి. దరఖాస్తుతో ఫొటోలు ఇవ్వాలి, కాబట్టి బీమా కోసం తీసినవే అక్కడా పనికొస్తాయి. రాజా రవివర్మ, అమృతా షేర్‌గిల్, జామినీ రాయ్ వంటి కొందరి చిత్రాలు వందేళ్లు కాకపోయినా కళానిధులే, దేశం దాటించకూడదు. విదేశంలోని పిల్లలకు పంపే ఆలోచన ఉంటే ముందు ఇది తేల్చుకోండి.

ప్రదర్శనకు ఇచ్చేటప్పుడు?

గోడ నుంచి దించిన క్షణం నుంచి తిరిగి తగిలించేదాకా వర్తించే కవర్ అడగండి. ప్యాక్ చేసేముందు ఒకసారి, అక్కడ విప్పగానే ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి అవే కోణాల్లో ఫొటోలు. మూడుసార్లూ వస్తువు ఎలా ఉందో రాసిన స్థితి పత్రం మీద ఇరువైపుల సంతకాలు ఉండాలి. దారిలో జరిగిన దెబ్బ ఎవరి లెక్కలో పడుతుందో ఆ సంతకాలే చెబుతాయి.

నష్టం జరిగాక ముందు ఏం చేయాలి?

బీమా కంపెనీకి వెంటనే తెలియజేయండి. దొంగతనమైతే ఎఫ్ఐఆర్, అగ్నిప్రమాదమైతే ఫైర్ సర్వీస్ రిపోర్టు తీసుకోండి. తడిసిన చిత్రాన్ని తుడవకండి, ఎండలో పెట్టకండి. ఉన్నదున్నట్టు ఫొటోలు తీసి, ముఖం పైకి ఉండేలా చదునుగా పడుకోబెట్టి ఫ్యాను గాలి తగిలేలా ఉంచండి, గాలి నేరుగా రంగు మీదికి కొట్టకూడదు. రెండు రోజులు తడిగా ఉంటే బూజు మొదలవుతుంది, అందుకే సర్వేయర్ రాక ఆలస్యమయ్యేలా ఉంటే ఏం చేస్తున్నారో కంపెనీకి ఈమెయిల్‌లో రాసి చేయండి. రాలిన రంగు పెచ్చులను ఊడ్చి పారేయకుండా కాగితపు పొట్లంలో కట్టి, ఏ చోటివో రాసి ఉంచండి.

తర్వాత పాత స్కాన్‌లోని అదే కోణం, అదే దూరం నుంచి కొత్త ఫొటోలు తీసి రెండూ పక్కపక్కన పెట్టి సర్వేయర్‌కు ఇవ్వండి. మరమ్మతు కంపెనీ ఒప్పుకున్నాకే చేయించండి. అయ్యాక మళ్లీ మొత్తం స్కాన్ చేసి, పాలసీ జాబితాలో పాతదాని పక్కన చేర్పించండి.